ద్రాక్షతోటకు బదులు మామిడితోట: ఒక కలంకారీ తెర, దాని వెంట వచ్చిన ధర చీటీ

కిందటి ఆగస్టు చివరి వారంలో మా సంఘం తరఫున ఒక కలంకారీ తెరకు ఆర్డరు ఇచ్చాము. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండాలని, మందిరంలో బలిపీఠం వెనుక గోడకు వేలాడదీయడానికి వీలుగా పైన కర్ర దూర్చే మడత ఉండాలని, బొమ్మ మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి ఉపమానమై ఉండాలని చెప్పాము. పొద్దున్నే పనికి వచ్చినవారికీ, సాయంత్రం అయిదు గంటలకు వచ్చినవారికీ యజమాని ఒకే కూలీ ఇచ్చిన కథ అది. తెర నవంబరులో వచ్చింది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం దాని ఎదుట కూర్చుంటున్నాను కనుక, అందులో ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఇలాంటిది చేయించుకోదలచిన మరో సంఘం ఏమేమి తెలుసుకోవాలి అన్నది ఇప్పుడు నిదానంగా చెప్పగలననుకుంటున్నాను.

దీన్ని చేసినవారు తిరుపతిలో ఒక చర్చి ఆవరణలోని చిన్న గదిలో అమ్మకాలు జరిపే పదకొండు మంది స్త్రీలు. గీయడం, రంగులు నింపడం, ఉతకడం అన్నీ 40 కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో, వారిలో ఒకరి ఇంటి పెరట్లో జరుగుతాయి. గదికి బోర్డు లేదు. ఇప్పుడున్న పనికి మించి ఒప్పుకోలేమని వారు కోరినందువల్ల వారి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు రాయకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది, అది తెర వెనుక వైపు గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

అసలు గోడకు బొమ్మ ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టిన కాలం నుంచి ఈ ప్రాంతంలో సువార్త వెంట బడి వచ్చింది, వైద్యం వచ్చింది. చిత్తూరు వైపు ఆర్కాటు మిషన్ చేసిన పని ఇప్పటికీ అక్కడి పెద్దల నోట వినిపిస్తుంది. 1910లలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం పలు మిషన్లు కలిసి కట్టుకున్న ఆసుపత్రి అయితే, విశ్వాసం చేతల్లోకి దిగితే ఎలా ఉంటుందో చూపించిన చోటు. కళ విషయానికి వచ్చేసరికి మాకు దక్కింది పాట. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పుస్తకం తెరవకుండా పాడగల ముసలివారు మా సంఘంలో ఇంకా ఉన్నారు. గోడలు మాత్రం బోసిగా ఉండిపోయాయి, లేదా బంగారు జుట్టు, నీలి కళ్ల యేసు ప్రభువు ఉన్న క్యాలెండరు బొమ్మతో సరిపెట్టుకున్నాయి. గుర్రం జాషువా పద్యాల్లో కులం గురించి పలికిన బాధ ఆ పద్యాల్లోనే ఉండిపోయింది, మా మందిరాల గోడల మీదికి ఎన్నడూ రాలేదు. విజయవాడలో లూథరన్ పాస్టరు పి. సోలమన్ రాజు గారు బాతిక్ బట్ట మీద, చెక్క అచ్చుల మీద ఈ నేల మనుషుల మధ్య క్రీస్తును చూపిస్తూ జీవితమంతా పనిచేశారు. ఆయన బొమ్మల నకళ్లను ఒకసారి మా యువజన కూటంలో చూసినప్పుడే, మన దగ్గర కలంకారీ ఉండగా మన గోడ ఎందుకు ఖాళీగా ఉండాలి అన్న మాట మొదలైంది. సమయం కూడా కలిసి వచ్చింది. నవంబరు రెండవ ఆదివారాన్ని దేశంలోని ప్రొటెస్టెంటు, కథోలిక సంఘాలు దళిత విమోచన ఆదివారంగా పాటిస్తాయి. ఆ రోజుకు తెర గోడ మీద ఉండాలన్నది మా కోరిక.

శ్రీకాళహస్తి వ్రాతపని మొదటి నుంచీ కథ చెప్పే పనే. గుళ్లలో వేలాడదీసే తెరల మీద రామాయణ, భారత ఘట్టాలను గడులు గడులుగా గీసి, అంచుల్లో తెలుగులో ఆ ఘట్టాన్ని రాయడం దాని పద్ధతి. ఈ విద్య దాదాపు అంతరించే దశలో ఉన్నప్పుడు, 1950ల చివర, హస్తకళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చి మళ్లీ నిలబెట్టింది. కనుక ఉపమానాన్ని దీని మీదికి తేవడానికి కొత్త పద్ధతేమీ కనిపెట్టనక్కరలేదు. మా తెరకు గీత గీసిన ఆవిడ హిందువు. ఉదయం పూట ఎవరికోసమో సీతా కల్యాణం గీస్తూ, మధ్యాహ్నం మా పని చేసేవారు. మొదటి రోజు ఆవిడ మా పాస్టరయ్యను ఆ అధ్యాయం మూడుసార్లు చదవమన్నారు. మూడోసారి విన్న తరువాత, "అయ్యా, అయిదు గంటల దాకా ఎవరూ పిలవని ఆ చివరి వాళ్లు ఎవరు? ముసలివాళ్లా, కుంటివాళ్లా, ఊరి బయటివాళ్లా? అది చెబితే గానీ నాకు బొమ్మ రాదు" అన్నారు. నేను ఈ ఉపమానం మీద విన్న ప్రసంగాలు తక్కువేమీ కావు, అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు.

తెరలో ద్రాక్షతోట లేదు. తోతాపురి మామిడితోట ఉంది. చిత్తూరు వైపు జూన్, జూలై నెలల్లో కాయ కోత ఎలా జరుగుతుందో, పొద్దున్నే కూలీ అడ్డాల దగ్గర మనుషులు ఎలా నిలబడతారో తెలిసినవారికి ఆ బొమ్మకు వివరణ అక్కరలేదు. పైఅంచు పొడవునా సూర్యుడు అయిదు చోట్ల ఉన్నాడు: ఉదయం, తొమ్మిది గంటలు, పన్నెండు, మూడు, అయిదు. ప్రతి సూర్యుడి కింద ఒక గడి, ఆ గడిలో తోటయజమాని వచ్చి కూలీలను పిలిచే దృశ్యం. మొదటి గడిలో వయసులో ఉన్న మగవారు చిక్కాలు కట్టిన కర్రలు భుజాన వేసుకుని బయలుదేరుతున్నారు. రెండో, మూడో గడుల్లో గంపలతో స్త్రీలు. నాలుగో గడిలో ఇద్దరు బడి వయసు దాటీ దాటని పిల్లలు. అయిదో గడిలో చేతికర్రతో ఒక ముసలావిడ, నిండు గర్భిణి, ఒక చేయి లేని మనిషి, వారికి కాస్త ఎడంగా చెప్పులు చేతిలో పట్టుకుని నిలుచున్న మరొక మనిషి. ఆ చెప్పులు చేతిలో ఎందుకున్నాయో మా సంఘంలో పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మా కమిటీలో ఒకరు దాన్ని చూసి లేచి బయటికి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి కూర్చున్నారు.

కింది సగమంతా ఒకటే పెద్ద దృశ్యం. సాయంత్రం కూలీ ఇచ్చే వేళ. చివర వచ్చినవారి చేతుల్లో ఒక్కొక్క గుండ్రటి నాణెం, మొదట వచ్చినవారి చేతుల్లోనూ అదే నాణెం, అదే పరిమాణం. కలంతో పద్దెనిమిది నాణేలను ఒకే కొలతలో గీయడం తేలిక కాదు. ఇక్కడ చిన్న తేడా వచ్చినా అర్థం మారిపోతుందని గీసినావిడ చెప్పారు. సణుగుతున్నవారిని ఆవిడ దుర్మార్గులుగా గీయకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. పగలంతా ఎండ బాధ సహించినవారు కదా. వారి భుజాలు వంగిపోయి ఉన్నాయి, ఒకడు తువాలుతో మెడ తుడుచుకుంటున్నాడు, వారి ముఖాల్లో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. సాధారణంగా మన ప్రసంగాలు వారిని అసూయపరులని ఒక్క మాటతో దాటవేస్తాయి. ఈ తెర వారి కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది.

ఒక్క విషయంలో మొదటి చిత్తు మాకు నచ్చలేదు. అందులో తోటయజమాని మెలితిప్పిన మీసంతో కుర్చీలో కూర్చుని, మేస్త్రీ చేత డబ్బు ఇప్పిస్తున్నాడు. జమీందారు బొమ్మకు అలవాటైన చేయి అలాగే గీస్తుందనుకోండి. కూలీలతో సమానమైన ఎత్తులో నిలబడి ఉండాలని మేము అడిగాము. ఆవిడ ఒప్పుకుని, మరో అడుగు ముందుకు వేసి, యజమాని పాదాలకు కూడా మట్టి అంటించారు. చామనఛాయ, మోకాళ్ల దాకా ఎగగట్టిన పంచె, తలకు తువాలు. చిత్తు మార్చినందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు.

పనితనం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ధర ఎందుకో తెలియాలంటే పని తెలియాలి. ముతక నూలు బట్టను ముందు బాగా ఉతికి గంజి వదిలించి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల రంగు బట్టలో పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. చింత పుల్లలను కాల్చిన బొగ్గుతో చిత్తు గీస్తారు. తరువాత వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలంతో, వేళ్ల మధ్య నొక్కుతూ వదులుతూ నల్ల గీత లాగుతారు. ఆ నలుపు కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. సీసాలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు, కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. ఒకసారి పడిన గీత ఇక పోదు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పూసినప్పుడు అక్కడ ఎరుపన్నదే ఉండదు. ఉడకబెట్టే గంగాళంలో నుంచి తీసినప్పుడే, పటిక తగిలిన మేర ఎర్రబడి పైకి వస్తుంది. తరువాత పారే నీటిలో ఉతకడం, తెల్లదనం కోసం పేడ నీటిలో నానబెట్టడం, మళ్లీ పాలు పట్టించడం, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలితో నీలం, ఆ రెండూ కలిసిన చోట ఆకుపచ్చ. ప్రతి రంగు మధ్యా ఒక ఉతుకు, ఒక ఎండ. యంత్రం మీద అచ్చువేసిన బట్టను కలంకారీ అని నాలుగు వందలకు అమ్మే దుకాణాలు ఊరంతా ఉన్నాయి. ఆ బట్టకూ దీనికీ పేరు ఒకటే గానీ పని ఒకటి కాదు.

గీత చాలా గొప్పగా ఉంది. మామిడి కొమ్మల వంపులో ఎక్కడా చేయి వణికిన జాడ లేదు. నలుపు, పసుపు నిలకడగా ఉన్నాయి. ఎరుపు విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. గదిలో ఆర్డరు తీసుకున్నప్పుడు అన్నీ చెట్టు రంగులే అన్నారు. పని చూడడానికి వెళ్లినప్పుడు గంగాళంలో వేసినది మంజిష్ఠ వేరు కాదు, అలిజరిన్ పొడి. ఈ పొడి 19వ శతాబ్దం నుంచి రసాయనంగా తయారవుతున్నదే, శ్రీకాళహస్తిలో చాలామంది వాడుతున్నదే, రంగు కూడా గట్టిగా నిలుస్తుంది. వాడడంలో తప్పేమీ లేదు. చెప్పకపోవడమే తప్పు. అడిగితే వెంటనే ఒప్పుకున్నారు, ఇప్పుడు గదిలో వస్తువుల పక్కన పెట్టే కాగితం మీద ఎరుపు దేనితో వచ్చిందో రాస్తున్నారు. నిజాయితీని అమ్మకపు విలువగా చెప్పుకునే చోట ఈ మాట నేను అడగకముందే ఉండవలసింది.

మరో లోపం అక్షరాలది. నాలుగో గడి కింద రాసిన వాక్యంలో ఒక ఒత్తు తప్పిపోయింది. కసిమి గీత చెరగదు కనుక ఆ అంచు ముక్కను కత్తిరించి, కొత్తది రాసి అతికి కుట్టారు. ఖర్చు వారే భరించారు. దగ్గరికి వెళితే కుట్టు కనిపిస్తుంది, మూడో వరుస బెంచీ నుంచి కనిపించదు. స్త్రీల ముఖాలన్నీ ఒకేలా ఉండడం ఈ శైలిలో సహజమే గానీ, అయిదో గడిలోని ముసలావిడకు కూడా పదహారేళ్ల పిల్ల కళ్లు ఉండడం నాకు కొంచెం వెలితిగా తోస్తుంది.

ఇక ధర చీటీ. తెరతో పాటు చేతిరాతతో ఒక కాగితం ఇచ్చారు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ కాగితమే. మొత్తం ధర 14,500 రూపాయలు. గీత గీసిన ఆవిడకు ఆరు రోజులకు రోజుకు 700 చొప్పున 4,200. రంగు నింపిన ముగ్గురికి కలిపి పన్నెండు రోజులకు రోజుకు 450 చొప్పున 5,400. ఉడకబెట్టి ఉతికిన మనిషికి మూడు రోజులకు 500 చొప్పున 1,500. బట్ట, కరక్కాయ, పాలు, రంగులు, కట్టెలకు 1,900. గది ఖర్చులు, ప్రయాణాలకు 800. శనివారాల్లో కాలనీ పిల్లలకు ఉచితంగా నడిపే బొమ్మల తరగతికి 700. అంటే మేమిచ్చిన ప్రతి నాలుగు రూపాయల్లో మూడు రూపాయలకు పైగా పనిచేసిన చేతుల్లోకే వెళ్లాయి. దళారి ఉన్న చోట ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. రంగు నింపే స్త్రీలకు ముక్కకింతని ఇచ్చి పంపిస్తారు, రాత్రి దీపం కింద ఎన్ని గంటలు కూర్చున్నారో ఎవరూ లెక్కపెట్టరు. వీరిలో నలుగురు ఒకప్పుడు అలా పనిచేసినవారే. ఇక్కడ రోజుకూలీ ఉంది, జ్వరం వస్తే నెలలో ఒక రోజు కూలీ పోదు, నెలాఖరు శనివారం లెక్కలు అందరి ముందు గట్టిగా చదువుతారు. చదవడం రానివారు ఇద్దరున్నారు కాబట్టి గట్టిగా చదవాలన్నది వారి నియమం.

ఆ కాగితం చేతిలో పట్టుకుని తెర వైపు చూసినప్పుడు మనసులో ఒక చిక్కు మొదలైంది, ఇంకా తెగలేదు. తెరలో పద్దెనిమిది చేతుల్లో పద్దెనిమిది సమానమైన నాణేలు. కాగితంలో ఒకరికి 700, ఇంకొకరికి 450. ఈ మాట గది చూసుకునే అక్కతో అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. గీత నేర్చుకోవడానికి పన్నెండేళ్లు పట్టిందని, రంగు నింపడం ఆరు నెలల్లో వస్తుందని, ఈ తేడాను రంగు నింపేవారే కూర్చుని ఒప్పుకున్నారని చెప్పారు. అది కొట్టివేయదగిన జవాబు కాదు. ఉపమానం కూలీ రేట్ల పట్టిక కాదని నాకూ తెలుసు. కానీ అందులో యజమాని చూసింది పనిచేసిన గంటలను కాదు, నేర్పునూ కాదు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగడానికి ఎంత కావాలో అంత ఇచ్చాడు. బియ్యం ధర గీసినావిడకూ, రంగు నింపినావిడకూ ఒకటే. పైగా రోజంతా నేల మీద కూర్చుని వంగి రంగు నింపేవారి నడుము నొప్పి గురించి నేను అక్కడ ఉన్న రెండు గంటల్లోనే నాలుగుసార్లు విన్నాను. తేడా ఉండకూడదని ఆదేశించే హక్కు కొనుక్కునేవారికి లేదు. అడిగే బాధ్యత మాత్రం ఉందని, ముఖ్యంగా ఈ ఉపమానాన్నే బొమ్మగా కొనుక్కున్నవారికి ఉందని నా అభిప్రాయం.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. గది చర్చిది, మొదటి పెట్టుబడి చర్చి ఇచ్చింది, అందుకు సంఘాన్ని మెచ్చుకోవాలి. కానీ బ్యాంకు ఖాతా మీద సంతకాలు ఇప్పటికీ సంఘ పెద్దలవే. మూడేళ్లుగా లెక్కలు అణా పైసలతో సహా చదువుతున్న స్త్రీలకు చెక్కు మీద సంతకం పెట్టడం రాదని ఎవరూ అనలేరు. విశ్వాసంతో మొదలుపెట్టిన పని చాలాచోట్ల ఈ మెట్టు దగ్గరే ఆగిపోతుంది: చేయి అందిస్తాము, తాళంచెవి అందించము.

తెర వెనుక వైపు గురించి చెబుతానన్నాను. ఈ బృందంలో తయారైన ప్రతి పెద్ద తెర వెనుక, కింద కుడి మూలన, దాని మీద పనిచేసిన వారందరి పేర్లు కసిమితో రాస్తారు. గీసినవారి పేరు మాత్రమే ఉండడం మామూలు వాడుక. ఇక్కడ ఉతికిన మనిషి పేరు కూడా ఉంటుంది. మా తెర వెనుక పేర్లు రాసే రోజున నేను అక్కడే ఉన్నాను. రంగు నింపినవారిలో ఒకావిడ కలం చేతిలోకి తీసుకుని ఆగిపోయారు. ఆవిడకు రెండు పేర్లున్నాయి. ఒకటి బాప్తిస్మంలో పెట్టినది, మందిరంలో అందరూ పిలిచేది. రెండోది కులధ్రువీకరణ పత్రం మీద ఉన్నది, పిల్లల చదువు ఆధారపడి ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులకు ఇప్పటికీ వర్తించదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఆ కుటుంబాన్ని చూసే చూపు మారదు, వీధి మారదు, మారేది కాగితం ఒక్కటే. గుడ్డ మీద ఒక పేరు రాయడం కూడా ఆవిడకు ఆలోచించవలసిన విషయం అయింది. ఎవరూ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆవిడ పేరుకు బదులు ఒక మామిడి ఆకు గీశారు. నడిమి ఈనె, పక్క ఈనెలు అన్నీ చక్కగా ఉన్న చిన్న ఆకు. బృందం పేరు ఇక్కడ రాయకపోవడానికి రెండో కారణం ఇదే.

దళిత విమోచన ఆదివారం నాడు తెరను గోడకు కట్టే ముందు, వెనుక వైపును సంఘానికి చూపించి ఆ పేర్లు చదివాము. ఆకు దగ్గరికి వచ్చినప్పుడు చదివే యువకుడు ఒక క్షణం ఆగి, "ఒక ఆకు" అని చదివాడు.

గదిలోని తక్కిన వస్తువుల గురించి క్లుప్తంగా చెబుతాను. పాస్టర్లు మెడలో వేసుకునే స్టోలు 1,800 రూపాయలు, గోధుమ వెన్నులు, ద్రాక్ష గుత్తుల అంచుతో చాలా అందంగా ఉంది, బరువు కూడా సరిపోయింది. బైబిలు కవరు 350. లోపల అట్ట పలచగా ఉండి మూలల దగ్గర అప్పుడే వంగుతోంది, కొనమని చెప్పలేను. క్రిస్మస్ కార్డులు బాగున్నాయి గానీ డిసెంబరు మొదటి వారానికే అయిపోతాయి. పుస్తకాల్లో పెట్టుకునే గుర్తుపట్టీలు మిగిలిన ముక్కలతో శనివారం తరగతి పిల్లలు చేసినవి, పది రూపాయలకు ఒకటి. వాటిలో ఒక పిల్లవాడు గీసిన గాడిద నా బైబిల్లో ఉంది.

ఆర్డరు ఇచ్చేవారు తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి కాలం. మాకు అక్టోబరు నెలాఖరుకు ఇస్తామన్నారు, నవంబరు రెండవ ఆదివారానికి ముందటి శుక్రవారం రాత్రి చేతికి వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఫోనెత్తలేదు, ఆ పది రోజులూ మేము పడిన ఆందోళన చిన్నది కాదు. కారణం మాత్రం వాస్తవమైనదే. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనం ఈ జిల్లాను ముంచెత్తుతుంది, ఎండ లేనిదే పటిక ఆరదు, స్వర్ణముఖిలో వాన నీరు బురదగా పారుతున్నప్పుడు బట్ట ఉతకడం కుదరదు. ఈ సంగతి వారికి మాకంటే బాగా తెలుసు కాబట్టి, ఆగస్టులోనే చెప్పి ఉంటే మేము మరో తేదీ చూసుకునేవాళ్లం. ఫిబ్రవరి నుంచి మే లోపు పని పూర్తయ్యేలా ఇవ్వడం మంచిది. సగం సొమ్ము ముందు ఇవ్వాలి, ఫోన్‌లో పంపినా చేతిరాత రసీదు ఇస్తారు.

వచ్చిన కొత్తలో తెరకు పాల వాసన ఉంటుంది. మా మందిరంలో మూడు వారాలు ఉంది; కిటికీలు తెరిచి ఉంచితే పోతుంది. సూటిగా ఎండ పడే గోడ పనికిరాదు. ఉతకవలసి వస్తే కుంకుడుకాయ రసం కలిపిన చల్లని నీటిలో ముంచి, పిండకుండా నీడలో ఆరవేయాలి.

మా స్త్రీల సమాజం వారు జనవరిలో రెండో తెరకు ఆర్డరు ఇచ్చారు. బోయజు పొలంలో రూతు పరిగె ఏరుకునే దృశ్యం, మూడడుగులు నాలుగడుగులు, ఏప్రిల్ మొదటి వారానికి. ఈసారి రంగు నింపేవారికి రోజుకు 600 చొప్పున లెక్కవేసి ధర చెప్పమని, ఆ ఎక్కువ మొత్తం మేమే ఇస్తామని అడిగాము. ఒక్క ఆర్డరుకు ఒక రేటు, ఇంకొకదానికి ఇంకొక రేటు ఉంటే మాలో మాకు తగువు వస్తుందని, నెలాఖరు శనివారం లెక్కలు చదివేటప్పుడు అందరి ముందు పెట్టి చెబుతామని అక్క అన్నారు. ఆ శనివారానికి ఇంకా తొమ్మిది రోజులుంది.